తేనె కారిన గడ్డి

మొన్న వాన కాస్త తెరిపివ్వగానే, పంపు చూసి వద్దామని ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్ట అంచు వెంబడి దిగుతున్నాను. దారికి రెండు పక్కలా నడుమెత్తు గడ్డి. కంకి ఒకటి ముంజేతికి రాసుకుంది. తుడుచుకుందామని బొటనవేలితో రుద్దితే బంకబంకగా అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడి గడ్డి వాసనలో సన్నగా బెల్లప్పాకం వాసన. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. వెనక వస్తున్న తోటి ఆపరేటర్ "ఏమైందన్నా, పాము గిట్ల కనవడ్డదా?" అని అడిగాడు. పామైతే బాగుండేది, దాని దారిన అది పోయేది. నాకు కనపడింది ఓదెలు కాక.

ఓదెలు కాకకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. మాది గోదావరిఖనిలో లారీ మెకానిక్ కుటుంబం, ఇంట్లో దక్కనీ మాట్లాడుకుంటాం. ఆయనది గొల్లవాళ్ల ఇల్లు. వాళ్ల ఊరు ఇప్పుడు లేదు. బొగ్గు కోసం తీసుకున్నారు, ఊరివాళ్లకు వేరేచోట కాలనీ కట్టించారు, ఊరున్న చోట ఈ మట్టిగుట్ట లేచింది. నాకు భూగర్భ గనిలో ఉద్యోగం వచ్చిన కొత్తలో మా గ్యాంగుకు ఆయనే సర్దార్. పని మొదలయ్యే ముందు ఆ చోటు భద్రంగా ఉందో లేదో చూసి, మమ్మల్ని లోపలికి పంపడం సర్దార్ బాధ్యత. పొట్టి మనిషి, గొంతు మాత్రం గనంతా వినపడేది. ఆయన తిట్లు తినకుండా పని నేర్చుకున్నవాడు మా షిఫ్టులో ఒక్కడూ లేడు. నేనైతే అందరికంటే ఎక్కువే తిన్నాను, ఇప్పుడు తలచుకుంటే అవన్నీ అరిగి ఒంటబట్టినట్టే అనిపిస్తుంది.

మొదటి వారంలోనే నా ఉత్సాహం కొద్దీ ముందుకు ఉరికాను. వెనక నుంచి కాలరు పట్టి ఒక్క గుంజు గుంజాడు. "ఎవల్నడిగి పోతున్నవ్‌రా? నీ నెత్తి మీద ఉన్నది ఆకాశమనుకున్నవా?" అన్నాడు. చేతిలో కర్రతో పైకప్పును తట్టాడు. గట్టి చప్పుడు వచ్చింది. నాలుగడుగులు ముందుకు పోయి మళ్లీ తట్టాడు. ఈసారి చప్పుడు డొల్లగా ఉంది. "ఇన్నవా? అది పిలుస్తున్నది నిన్ను. పోతవా?" అన్నాడు. ఊగుతున్న పెళ్లలన్నీ దింపించి, కప్పుకు ఊతంగా దిమ్మెలు పెట్టించి, ఆ తర్వాత తానొక్కడే ఆ కప్పు కిందికి పోయి నిలబడ్డాడు. కాసేపు అట్లాగే నిలబడి అప్పుడు మమ్మల్ని పిలిచాడు. "ముందుగల్ల నేను నిలవడాలె. నాకేం గాకుంటే మీకేం గాదు. గంతే లెక్క." ఆ లెక్క మీద ఆయన నౌకరీ మొత్తం గడిచింది. ఆయన గ్యాంగులో మనిషికి దెబ్బ తగలడం నేనెరుగను. కష్టం ముందు మన ఒంటి మీదికి తీసుకుంటే మనవాళ్లకు రాదని నేనూ నమ్మాను. ఆయన్ని చూసినవాడు ఎవడైనా నమ్ముతాడు.

గొర్రెలు ఆయనకు గని కంటే ముందు నుంచీ ఉన్నాయి. నౌకరీ చేసినన్నాళ్లూ భార్య లచ్చవ్వ కాచింది. నేను ఆమెను చిన్నమ్మా అని పిలిచేవాణ్ణి. రిటైరైన మర్నాడే కాక గొంగడి భుజానేసుకుని మంద వెనక నడిచాడు. నేను ఓపెన్‌కాస్టులో పంపుల మీదికి మారాను, వారానికొక రోజు సెలవు దొరికితే ఆయన దొడ్డికి పోయేవాణ్ణి. మా అమ్మీ నవ్వేది, నీకు ఇంట్లో కాలు నిలవదు, అక్కడ పేడలో మాత్రం నిలుస్తుందని.

గొర్రెల దగ్గర కూడా ఆయన సర్దారే. కొత్త చోట మేపాలంటే అక్కడి ఆకు ముందు తాను కొరికి చూసేవాడు. చేదుంటే ఉమ్మేసి మందను మళ్లించేవాడు. వానాకాలం నడిమికొచ్చేసరికి మందను విడదీసేవాడు. ఒక్కొక్క గొర్రెను కాళ్ల సందున పట్టుకుని, కళ్లు మూసుకుని, అరచెయ్యి కడుపు కింద పెట్టి చూసేవాడు. సూడిదైతే ఒక పక్కకు, కాకుంటే మరో పక్కకు. సూడి గొర్రెల మంద ఆయనది. వట్టివీ పొట్టేళ్లూ చిన్నమ్మవి. వాటిని ఆమె రోడ్డు పక్కన, రైలు పట్టాల పక్కన దొరికింది మేపుకొచ్చేది. మంచి మేత ఎక్కడుంటే అక్కడికి ఆయన సూడి మంద.

"పక్షపాతం జేస్తున్నవ్ కాకా" అన్నాను ఒకసారి.

"చెయ్యనా మరి? ఇవి పురిటికొచ్చిన ఆడిబిడ్డలురా. ఇంటికొచ్చిన బిడ్డకు సద్దన్నం పెడ్తమా?" అన్నాడు.

ఒక యేడు ఆయనకు మట్టిగుట్ట మీది గడ్డి దొరికింది. వానకు మన్ను జారకుండా గుట్టల మీద అంజన్ గడ్డి విత్తనం చల్లుతారు. అది ఆ యేటి వానలకు ఏపుగా లేచింది. ఎవరి మందా ఎక్కని చోటు. కాపలావాళ్లు పాత సర్దార్ అని ఏమీ అనలేదు. ఒక సెలవు రోజున నన్నూ పైకి తీసుకుపోయాడు. అక్కడి నుంచి గోదావరి అవతల జైపూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనపడుతున్నాయి. ఆయన అటు చూడలేదు, కిందికి చూశాడు. "నువ్వు నిలవడ్డ కాడ మా దొడ్డి ఉండె. అగో, ఆ తుమ్మ మొలక కాడ మా అయ్య చేసిన జొన్న చేను. ఇది మా ఊరేరా యాకూబూ. జర ఎత్తయింది, గంతే."

"ఇది మీ ఊరి మట్టి గాదు కాకా, బొగ్గు మీదికెల్లి తీసిన మట్టి. నాకంటే నీకే ఎరుక" అన్నాను.

"అయితే ఏంది? పోసింది మా అయ్య చేను మీదనే గద" అన్నాడు. కప్పును తట్టకుండా ఎవరినీ అడుగు పెట్టనివ్వని మనిషి, కాళ్ల కింద ఉన్నది తన ఊరు అనేసరికి కర్ర పక్కన పెట్టేశాడని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

అట్లాగని చూడకుండా ఉండలేదు కూడా. వాన వదలని యేడది. గడ్డి పూత మీద ఉన్నప్పుడంతా ముసురే. కంకుల నుంచి సన్నగా, లేత గులాబీ రంగులో బంక కారుతోంది. కాక ఒక కంకి తెంపి నాలుక మీద రాసుకున్నాడు. కాసేపు ఆగాడు. ముఖం వెలిగింది. ఇంకొకటి తెంపి నాకిచ్చాడు. నిజంగానే తియ్యగా ఉంది. "తేనె! గడ్డికి తేనె కారుడు ఎన్నడన్న చూసినవా? మా అయ్య పంపిండురా దీన్ని. సూడి గొర్లకు ఇంతకంటే ఏం గావాలె!" అన్నాడు. గొంగడి పరచుకుని కూర్చున్నాం. గొర్రెలు కంకులు ఏరుకుని ఏరుకుని తింటున్నాయి. ఆయన అంత తృప్తిగా ఉండటం నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

దసరా పోయింది. ఈనాల్సిన గొర్రెలు ఈనలేదు. పొద్దులు దాటుతున్నాయని చిన్నమ్మ గొణగడం మొదలుపెట్టింది. తర్వాత రెండు గొర్రెలు ఈసుకపోయాయి, పిల్లలు కడుపులోనే పోయాయి. ఆ తర్వాత ఈనడం మొదలైంది. పిల్లలు అరచేతిలో ఇమిడేంత పుట్టాయి. కొన్ని లేవనే లేదు. లేచినవి తల్లి కిందికి దూరి, పొదుగును తలతో పొడిచి, నోట పట్టుకుని గుంజి, వదిలేసి మళ్లీ పట్టుకుని, చివరకు అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాయి. చిన్నమ్మ చన్ను పట్టి పిండి చూపించింది. చుక్క రాలేదు. "ఈనిన గొర్రె పొదుగేనా యాకూబూ ఇది? వట్టి తోలు లెక్క ఉన్నది. జున్నుపాలు గూడ వడలే" అని ఏడ్చింది. ఏ ఒక్క గొర్రెకో పాలు లేకపోతే ఇంకో తల్లి కింద వదులుతారు. ఇక్కడ వదలడానికి ఇంకో తల్లి లేదు.

మా ఇంట్లో మేక ఉంది. నేను రోజూ డ్యూటీకి పోయే ముందు పాలసీసా తీసుకుని పోయేవాణ్ణి. పుట్టగానే తాగాల్సినవి తాగని పిల్లకు ఆ పాలు ఏం ఆసరా అవుతాయి? చిన్నమ్మ ఒడిలో పెట్టుకుని పట్టించేది, కాసేపు తాగి సీసా నోట్లో ఉండగానే మెడ వాల్చేసేవి. నేను ఇంటికొస్తే అమ్మీ పిల్లల మాట అడిగేది కాదు. "ఉనో ఖానా ఖాయే కీ నై?" అని ఆయన తిండి గురించే అడిగేది. తినలేదని ఆమెకు ఎట్లా చెప్పను?

కాక చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. పాలు పడలేదంటే మేత చాలలేదని ఆయనకు తోచింది. ఏ గొల్లకైనా ముందు తోచేది అదే. అందుకని ఇంకా ఈనని గొర్రెలను పొద్దున్నే గుట్టెక్కించి చీకటి పడేదాకా మేపాడు. ఈనినవాటి కోసం కంకులు బాగున్న గడ్డి కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని గుట్ట దిగి వచ్చేవాడు. ఆ వయసులో అంత బరువు. మెడ వంగిపోయేది. మోపు దించి, పిడికెడు పిడికెడు ఒక్కొక్కదాని నోటి దగ్గర పెట్టి "తిను తల్లీ, తిను. నీ బిడ్డ మొకం జూసి తిను" అని బతిమాలేవాడు. అవి తిన్నాయి. ఆయన పెడితే తినకుండా ఎట్లా ఉంటాయి?

చివరకు నేనే పశువుల దవాఖానకు పోయి డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చాను. ఆమె పొదుగులు చూసింది, జ్వరం చూసింది, ఏం మేపుతున్నారని అడిగింది. కాక ఆ పొద్దున తెచ్చిన మోపును గర్వంగానే ముందు పెట్టాడు. ఆమె ఒక కంకిని అరచేతిలో నలిపింది. పొట్టు ఊదేసింది. గింజల మధ్యలో నల్లగా, ఎలుక పెంటిక లాంటి గట్టి పలుకులు మిగిలాయి.

"పూత మీద ఉన్నప్పుడు దీనికి బంక కారిందా, తియ్యగా?" అని అడిగింది.

"కారింది, తేనె" అన్నాడు కాక.

"తేనె కాదు పెద్దయ్యా, బూజు. ముసురు పట్టినప్పుడు కంకికి తగులుకుంటది. సజ్జ చేన్లకు వస్తే రైతులు గుర్తుపడతరు, గడ్డిలో ఎవరు చూస్తరు? గింజ ఉండాల్సిన చోట ఈ నల్లటిది తయారైతది. దీంట్ల విషముంటది. గొర్రె కడుపు నిండుతది గానీ, కడుపులో ఉన్న పిల్లకు రక్తం సరిగా అందదు. ఈనిన తర్వాత పొదుగుకు పాలు దిగవు."

కాకకు అర్థం కాలేదని కాదు. అర్థమైంది కాబట్టే ఒప్పుకోలేకపోయాడు. "నేను ముందుగల్ల నాకి చూసిన గద డాక్టరమ్మా. వీడు గూడ నాకిండు. మాకేం గాలేదు."

ఆమె మెల్లగా అంది: "మీరు సూడి మీద లేరు కదా పెద్దయ్యా."

ఎగతాళి కాదది, ఆమె గొంతులో బాధే ఉంది. అయినా ఆ మాట ఆయన బతుకు మొత్తం మీద పడింది. ముందుగా నేను నిలబడతాను, నాకేమీ కాకపోతే మీకేమీ కాదు. ఆ లెక్క దొడ్డిలో గడ్డి మోపు ముందర విరిగిపోయింది. తప్పెవరిదని ఆమెను అడిగాడు. ఎవరిదీ కాదు, వానది అంది. ఎవరిదైనా అయితే వాడి గల్లా పట్టుకునేవాడు, తిట్టి తిట్టి తేలికయ్యేవాడు. వానను ఏం చేస్తాడు?

పోతూ పోతూ ఆమె గుట్ట గడ్డి వెంటనే మాన్పించమంది. ఈనడానికి ఇంకా టైమున్నవాటికి పాలు పడవచ్చు, నెలలు నిండినవాటి సంగతి చెప్పలేనంది. అప్పుడే చిన్నమ్మ మంద రోడ్డు మీద నుంచి ఇంటికొచ్చింది. అందులో రెండు గొర్రెల వెనక బలమైన పిల్లలు గంతులేస్తూ వచ్చాయి. ఆ రెండూ ఆలస్యంగా సూడి కట్టినవి. విడదీసేనాటికి కాక చేతికి సూడి తెలియలేదు, వట్టివనుకుని ఇటు తోలాడు. రోడ్డు పక్క దుమ్ము గడ్డి తిని, అడిగే దిక్కు లేక, అవి హాయిగా ఈనాయి. తల్లుల పొదుగులు నిండుగా ఊగుతున్నాయి. కాక వాటి వంక చూసి, తన అరచెయ్యి వంక చూసుకున్నాడు. "నా చెయ్యి తప్పినయే బతికినయి" అన్నాడు.

ఆ తర్వాత ఆయన దొడ్డిలోకి అడుగు పెట్టలేదు. ఈనాల్సినవాటిని చిన్నమ్మే చూసుకుంది. ఒక్కొక్కటే ఈనింది, పిల్లలు పోతూనే ఉన్నాయి. ఆఖరుకు ఒక బొల్లి గొర్రె మిగిలింది. గుట్ట గడ్డి మాన్పించాక దానికి తగినంత టైము దొరికింది. పిల్ల చిన్నదే పుట్టినా లేచి నిలబడింది. చిన్నమ్మ చన్ను పిండితే పసుపుపచ్చగా పాలు వచ్చాయి. నేను పరుగెత్తుకుంటూ పోయి గడప మీద కూర్చున్న కాకకు చెప్పాను. ఆయన లేవలేదు.

"చూసినవా? నేను ముట్టలేదు. బతికింది" అన్నాడు.

"నువ్వు ముట్టకపోవుడు గాదు కాకా, గడ్డి మాన్పిస్తే బతికింది. డాక్టరమ్మ చెప్పలేదా?" అని గట్టిగానే అరిచాను. నాకు కోపం వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆయన మీద అరిచాను. ఆయన తల ఊపాడు, మాట చెవిలోకి పోలేదు. ఆ బొల్లి గొర్రె పిల్ల కూడా చచ్చిపోయి ఉంటే కాక ఎట్లాగో తేరుకునేవాడేమో అని నాకు చాలాసార్లు అనిపించింది. అది బతికి ఆయన్ని ముంచింది.

చలికాలం పోతుండగా ఆయన కూతురు స్వప్న బెల్లంపల్లి నుంచి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మామూలుగా అయితే కాకను పట్టలేకపోయేవాళ్లం. కోళ్లు, చేపలు, పండ్లు, ఇల్లంతా సంత అయ్యేది. ఈసారి బిడ్డ ఇంట్లోకి రాగానే ఆయన బయటికి పోయాడు. అన్నాల వేళకు కనపడేవాడు కాదు. "బాపూ, రేగుపండ్లు తెమ్మంటి గదనే" అని ఆమె అడిగితే విననట్టు పోయాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "రేగుపండ్లు నువ్వు కొనుక్కపోయి ఇయ్యిరా. నేను చెప్పిన్నని చెప్పకు. నా చేతుల మీదికెల్లి దానికేం పోవద్దు." నేను కొనుక్కుపోయి ఇచ్చాను. ఆమె పండ్ల వంక కాదు, నా వెనక గుమ్మం వంక చూసింది.

ఆడపిల్ల పుట్టింది. నిండుగా, ఎర్రగా, ఊరు లేపేంత ఏడుపుతో. దవాఖాన వరండాలో చిన్నమ్మ బట్టలో చుట్టిన పిల్లను తెచ్చి ఆయన ముందు చాచింది. కాక రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "నాకియ్యకు" అన్నాడు. చిన్నమ్మ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఆయన గోడకు ఆనుకునేదాకా వెనక్కి జరిగాడు. లోపల మంచం మీద నుంచి స్వప్న తెరిచిన తలుపులోంచి చూసింది. ఆడపిల్ల అని ముట్టుకోలేదనుకుంది. తర్వాత నేను కూర్చోబెట్టి అంతా చెప్పాను. విన్నది, ఏడ్చింది. కానీ కళ్లతో చూసింది చూడలేదని ఎట్లా అనుకుంటుంది? ఆ తర్వాత పుట్టింటికి రావడం తగ్గించింది.

ఎన్ని రకాలుగా చెప్పి చూశామో. పిల్ల పాకింది, నడిచింది, ఆయన ఎత్తుకోలేదు. ఒకసారి పండక్కి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఆ పిల్ల జామకాయ ముక్క కొరుకుతూ వచ్చి, ఆయన మోకాలు పట్టుకుని లేచి, మిగిలిన ఎంగిలి ముక్కను తాత నోట్లో పెట్టింది. కాక నోరు తెరిచి తిన్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చేతులు మాత్రం తొడల కింద దూర్చుకుని కూర్చున్నాడు. పోయిన యేడు ఎండాకాలంలో ఊపిరితిత్తులు పాడై ఆయన ఊపిరి ఆగిపోయింది. మనవరాలిని ఒక్కసారి కూడా ఎత్తుకోకుండానే పోయాడు.

మొన్న ఆ కంకి తెంపి సంచిలో వేసుకున్నాను. గుట్ట కింద మందలు తోలేవాళ్లకు చూపించాను, కాపలావాళ్లకు చూపించాను. కొందరు విన్నారు, కొందరు నాకు పిచ్చి అనుకున్నారు. అది నాకు పెద్ద పని కాదు. కష్టమల్లా ఇంట్లోనే. మా పాపకు అన్నం కలిపి ముద్ద చేస్తాను. అది "అబ్బా, ఖిలావ్ నా" అని, నాన్నా తినిపించమని నోరు తెరుస్తుంది. నా చెయ్యి నడిమిట్లో ఆగిపోతుంది. ముందు ఒక ముద్ద నేను తింటాను. నాకేమీ కాకపోతే దానికీ కాదన్న లెక్క విరిగిపోవడం నేను దగ్గరుండి చూశాను. నేను తిని చూసినందువల్ల ఏమీ తెలియదని నాకు తెలుసు. అయినా తింటాను, కాసేపు ఆగుతాను. మా పాప నోరు తెరుచుకునే ఉంటుంది. అప్పుడు నా చేత్తోనే పెడతాను.